ఫోటోలు పొదిగే బావగారు

కోడి గుడ్లను పొదుగుతుంది. బావగారు ఫోటోలను పొదుగుతారు. ఇద్దరిలోనూ కోడే నయం. దాని కింద పది గుడ్లు పెడితే ఎనిమిదైనా పిల్లలవుతాయి. బావగారి చంకలో పది ఫోటోలు పెడితే నాలుగు దక్కడం గగనం. మిగతా ఆరూ మురిగిపోయినట్టే.

ఈ లెక్క తేల్చింది ఆయన మరదలు, అంటే భార్యకు స్వయానా చెల్లెలు. పెద్దాసుపత్రిలో మగవాళ్ళ వార్డుకు హెడ్ సిస్టరు. ఆవిడ నోటికి జడిసి జ్వరాలు దిగిపోయిన సందర్భాలున్నాయని వార్డులో చెప్పుకుంటారు. అలాంటి నోటికి బావగారి కెమెరా దొరకడమంటే, పిల్లి ముందు పాలగిన్నె పెట్టి ఇంటిల్లిపాదీ ఊరెళ్ళడమే.

ఆ కెమెరా మూస్తే లావుపాటి డైరీలా ఉంటుంది. తెరిస్తే పడగెత్తినట్టు లేస్తుంది. మీట నొక్కితే గర్రుమని గొంతు సవరించుకుని, ఎదుటివాణ్ణి వెక్కిరిస్తున్నట్టు నాలుక బయటపెడుతుంది. ఆ నాలుకే ఫోటో. అప్పటికి దానిమీద మనిషీ ఉండడు, మానూ ఉండదు, ఉత్త అట్టముక్క. బొమ్మ తేలడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటా దానికి వెలుగు తగలకూడదు, చలి సోకకూడదు. అందుకని బావగారు దాన్ని నల్లగుడ్డలో చుట్టి, చొక్కా పై గుండీలు రెండు విప్పి, ఎడమ చంకలోకి తోసి, చెయ్యి బిగించి, కళ్ళు అరమూసి కూర్చుంటారు. ఆ సమయంలో ఇల్లంటుకుంటున్నా ఆయన కుడిచేత్తోనే నీళ్ళు పోస్తారు.

"మా వార్డులో థర్మామీటరు మూడు నిమిషాలు చంకలో పెట్టుకోవయ్యా అంటే ఒక్కడూ కుదురుగా ఉండడు. మిమ్మల్ని తీసుకెళ్ళి నమూనాగా కూర్చోబెట్టాలి బావగారూ!" అనేది మరదలు.

"నవ్వు, నవ్వు. చలికి పెడితే బొమ్మ నీలంగా పోతుంది. పేపర్లో రాశారు."

"మరి ఊపితే త్వరగా ఆరుతుందంటారుగా?"

ఆ మాట వింటే చాలు, బావగారికి నషాళానికి అంటేది. "ఊపడానికి అదేమన్నా విసనకర్రా? లోపల మందు ఇంకా పరుచుకుంటోంది! నిండుచూలాలిని పట్టుకుని ఊపుతారా ఎవరైనా?"

పావుగంట తర్వాత అసలు నాటకం. ఆయన గోడవైపు తిరిగేవారు. నల్లగుడ్డ విప్పి ఓరగా చూసేవారు. బాగుంటే, పుట్టిన బిడ్డను చూపించినట్టు రెండు చేతులమీదా తెచ్చి చూపించేవారు. లేకపోతే 'ప్చ్' అనేవారు. ఆ ఫోటో జేబులోకి పోయేది. మళ్ళీ దాన్ని చూసిన నరమానవుడు లేడు.

"ఏమైంది?" అని ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది. ఫోటోను నొక్కి బయటికి తోసే రోలర్లలో దుమ్ము. ఫిల్ముకు వయసు మీరింది. బ్యాటరీ నీరసించింది. ఎండాకాలమైతే వేడి ఎక్కువైంది, చలికాలమైతే చలి ఎక్కువైంది. రెండూ కాని కాలంలో అడిగితే, "ఈ మధ్య గాలిలో తేమ గమనించారా?" అనేవారు.

చిత్రమేమిటంటే ఆయన రిటైరైంది తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా. తక్కెడ మీద చీమ ఎక్కి దిగినా పట్టుకునేవారని పేరు. "ఊళ్ళో తూకాలన్నిటికీ సీలు వేశారు గానీ, ఈ డబ్బాకు వేయడం మరిచిపోయారు," అనేది మరదలు. కోపం వచ్చిన రోజున ఇంకో మెట్టు పైకెక్కి, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తియ్యడం రాక కెమెరాను తిడతారు," అనేది. బావగారు ఆ మాటకు కూడా నవ్వి ఊరుకునేవారు. తిట్టినా నవ్వే మనిషిని తిట్టడంలో ఉన్న సుఖం మరదలికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఒకసారి ఆయన అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు కొత్త సూటు వేసుకుని, కుటుంబంతో సహా మెట్లమీద నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఆరుగురు పావుగంట సేపు బావగారి చంకవైపే గుడ్లప్పగించి చూశారు. చివరికి ఆయన 'ప్చ్' అన్నారు. "రోలర్లండీ."

"అయ్యా, ఆ డబ్బాను పాత ఇనుప సామాన్లవాడికి పడేయండి. వాడు తీసుకుంటాడన్న నమ్మకం కూడా నాకు లేదు," అన్నాడు అధ్యక్షుడు. ఆ వాక్యాన్ని మరదలు ఏడాదిపాటు వాడుకుంది.

అలాంటి మరదలు, ఉద్యోగంలో తన ఆఖరి రోజున, మధ్యాహ్నం రెండింటికి, బావగారికి తనంతట తానే ఫోను చేసింది.

కారణం గోడ. వార్డు వరండా గోడమీద ఇంతవరకూ పనిచేసిన అయిదుగురు హెడ్ సిస్టర్ల ఫోటోలు వరసగా ఉన్నాయి. అయిదుగురూ దించిన తల ఎత్తకుండా రోగుల సేవ చేసినట్టు, ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అననట్టు ఉంటారు. ఆరో మేకు ఖాళీ. పదకొండేళ్ళుగా మరదలు రోజుకు నలభైసార్లు ఆ మేకు కిందినుంచి నడిచింది. దానివైపు చూడనట్టు నడిచేది గానీ, చూడని రోజు లేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. నోరున్నవాళ్ళకు కూడా నోట రాని మాటలు ఒకటి రెండుంటాయి.

సాయంత్రం అయిదింటికి సూపరింటెండెంటుగారు వచ్చి ఆమె ఫోటో తగిలించాలి. ఆఫీసువాళ్ళు ఆమె గుర్తింపు కార్డులోని ఫోటోనే పెద్దది చేయించి, అద్దం కట్టించి పంపారు. కాగితం విప్పగానే జూనియర్ నర్సు "అయ్యో" అని నోరు మూసుకుంది. ఫోటోలో ఒక కన్ను పూర్తిగా మూసుకుంది, రెండోది సగం. అర్ధరాత్రి దొంగసారాతో పట్టుబడ్డ మనిషిలా ఉంది.

"దీన్ని గోడకు పెడితే, నేను రిటైరైంది వయసొచ్చా, కేసయ్యా అని అడుగుతారు!" అంది మరదలు. ఫోటోల దుకాణంవాడికి ఫోను చేస్తే, ఫోన్లో తీసి పంపినా అచ్చు రేపటికి గాని ఇవ్వలేనన్నాడు. ఆసుపత్రి ప్రింటరులో రంగు అయిపోయి ఏడాదైంది. తీసిన చోటే ఫోటో చేతికిచ్చే యంత్రం ఆవిడకు తెలిసి లోకంలో ఒక్కటే ఉంది.

"బావగారూ, మీ డబ్బా... అదే, మీ కెమెరా పనిచేస్తోందా?"

"ఎనిమిది ఫిల్ములున్నాయి. వస్తున్నా," అన్నారు బావగారు.

మూడింటికల్లా ఆయన దిగారు. కెమెరా, నల్లగుడ్డ, గొడుగు, వెనకాల అక్క. కిటికీ పక్కన, కాలికి సిమెంటు కట్టుతో పడుకున్న బస్సు డ్రైవరు మంచం దగ్గర వెలుతురు బాగుందన్నారు. మరదల్ని అక్కడ నిలబెట్టారు.

"కదలకు. గడ్డం కొంచెం దించు."

"దించితే రెండో గడ్డం కనబడుతుంది. మీరు ముందు ఆ గొడుగు..."

గర్రు. ఫోటో నల్లగుడ్డలోకి, అక్కణ్ణించి చంకలోకి వెళ్ళింది. పావుగంట అయ్యాక బావగారు గోడవైపు తిరిగారు. 'ప్చ్' అన్నారు.

"వార్డులో ఏసీ చలి ఎక్కువ మరదలా."

ఏసీ ఆపించారు. రెండోది తీశారు. పొదిగారు. ప్చ్. "ఫిల్ము కొంచెం పాతది."

మూడో దానికి బస్సు డ్రైవరు మంచంమీద లేచి కూర్చున్నాడు. "సార్, బండి స్టార్టవకపోతే మేం కిందికి దిగి ఓసారి తోస్తాం. మీదాన్ని తోసేదానికి చక్రాలు కూడా లేవు!"

"నువ్వు పడుకోవయ్యా! నీ కాలు అతికించడానికే మాకు తల ప్రాణం తోకకొచ్చింది!" అని మరదలు అరిచింది. సరిగ్గా అప్పుడే గర్రుమంది.

నాలుగు, అయిదు, ఆరు. ప్రతిదానికీ ప్చ్. ఏడోది చంకలో ఉండగా నాలుగున్నర దాటింది. మరదలి నోరు క్రమంగా చిన్నదైంది. ఖాళీ మేకువైపు దాచుకోకుండా చూసింది. "పోనీలెండి బావగారూ. కార్డు ఫోటోనే పెట్టేస్తారు. ఎవరు చూడొచ్చారు," అంది. ఆవిడ అంత మెత్తగా మాట్లాడటం విని బస్సు డ్రైవరు భయపడి పడుకున్నాడు.

ఈలోగా జూనియర్ నర్సు సాయం చేద్దామని కెమెరా ముందు మూత తీసి, స్పిరిట్ దూదితో రోలర్లు తుడిచింది. తుడిచిన దూదిని వెలుగులో పెట్టి చూసింది. "సార్, దుమ్ము లేదండీ. మన ఆపరేషన్ థియేటర్ కంటే శుభ్రంగా ఉన్నాయి."

మరదలు బావగారి ముఖంలోకి చూసింది. ఆ ముఖాన్ని ముప్పైనాలుగేళ్ళ సర్వీసులో వెయ్యిసార్లు చూసి ఉంటుంది. నీళ్ళు తాగి, గుటక వేసి, మాత్ర మింగేశానమ్మా అంటూ దాన్ని దవడ కింద దాచుకున్న పేషెంటు ముఖం అది.

"జేబు తియ్యండి," అంది.

"ఎందుకూ? అన్నీ పోయినవే..."

"బావగారూ. జేబు."

ఆ గొంతుకు ఎదురు చెప్పినవాడు ఆ వార్డులో ఇంతవరకూ లేడు. బావగారు జేబులోని ఆరూ, చంకలోని ఏడోదీ తీసి మంచంమీద పెట్టారు.

ఏడూ అద్దంలా ఉన్నాయి. రంగు చెదరలేదు, మసక లేదు, గీత లేదు. ఏడింటిలోనూ మరదలు కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు బార్లా తెరిచి, చూపుడువేలు పైకెత్తి ఎవరినో తిడుతోంది. రెండింటిలో కొండనాలుక కూడా కనబడుతోంది.

"కెమెరా బాగానే ఉందన్నమాట," అంది మరదలు.

"మొదట్నుంచీ బాగానే ఉందే," అంది అక్క. ఇన్నేళ్ళూ ఆపుకున్న మాట గుక్కతిప్పుకోకుండా వచ్చింది. "నీ పెళ్ళి ఆల్బం వచ్చిన రోజు గుర్తుందా? అన్నిట్లోనూ కళ్ళు మూసుకున్నానని గది తలుపేసుకుని రెండు రోజులు అన్నం ముట్టలేదు నువ్వు. అప్పట్నుంచీ ఈయనకో పిచ్చి పట్టింది. ఎవరిదైనా బొమ్మ బాగా రాకపోతే, మనిషి బాగాలేడని చెప్పకూడదట. యంత్రం బాగాలేదని చెప్పాలట."

"ఎవరిదైనానా?"

"ఆ అధ్యక్షుడు లేడూ? మెట్లమీద గాలికి ఆయన విగ్గు చెవిమీదికి జారింది. పెళ్ళాం పిల్లల మధ్య నిలబడ్డ మనిషికి ఆ ఫోటో చేతిలో పెడితే ఏం కావాలి? ఈయన రోలర్లన్నాడు. ఆయన ఇనుప సామాన్లన్నాడు. నువ్వు ఏడాదిపాటు ఆ మాట చెప్పుకుని నవ్వావు."

ఆడలేనివాళ్ళు వేరే ఉన్నారు. మద్దెల ఓడని చాటింది మాత్రం ఈయన, అదీ తన మద్దెలే. మరదలికి ఏం అనాలో తోచలేదు. తోచకపోవడం కొత్త కాబట్టి, అలవాటైన దారిలోనే వెళ్ళింది. "బుద్ధుందా మీకు? ముందే 'నోరు మూసుకో మరదలా' అని ఒక్క ముక్క అంటే మొదటిదే బాగా వచ్చేదిగా!"

"నీతోనా?" అన్నారు బావగారు. బస్సు డ్రైవరు గోడవైపు తిరిగి దుప్పటి కప్పుకున్నాడు. దుప్పటి మాత్రం చాలాసేపు కదిలింది.

ఇక మిగిలింది ఒక్క ఫిల్ము. మరదలు పెదవులు బిగించింది. కళ్ళు పెద్దవి చేసింది. ఊపిరి కూడా లెక్కపెట్టి తీసింది. గర్రుమంది. ఆ పావుగంటా వార్డులో ఎవరూ దగ్గలేదు. అయిదుకు అయిదు నిమిషాలుండగా బావగారు గుడ్డ విప్పారు. ఆయన ముఖం పాలిపోయింది.

"పోయింది," అన్నారు.

"చాల్లెండి, ఇటివ్వండి!" అని నలుగురూ ఒక్కసారే అన్నారు. మరదలు ఆయన జేబులు రెండూ తడిమింది. చొక్కా చెయ్యి మడత విప్పింది. ఆయన చేతిలోని అట్టముక్క చూపించారు. మనిషి ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ, ముఖానికి అడ్డంగా ఇంత లావు తెల్ల చార. దాన్ని పట్టి పట్టి చూసిన జూనియర్ నర్సు రోలరు మీదినుంచి ఒక దూదిపోగు తీసి, ఏడుపుముఖం పెట్టింది. ఇన్నేళ్ళుగా రోలర్ల మీద పడ్డ నింద, శుభ్రం చేసిన గంటలో నిజమైంది.

వరండాలో బూట్ల చప్పుడు వినబడింది. సూపరింటెండెంటుగారు వస్తున్నారు.

మరదలు మంచంమీది ఏడు ఫోటోలను పేకముక్కల్లా పరిచింది. కొండనాలుక కనబడనివాటిలో ఒకటి ఏరి, జూనియర్ చేతిలో పెట్టింది. "చుట్టూ తెల్ల అట్ట పెట్టి, ఫ్రేములో బిగించు."

"ఇదా సిస్టర్?" అంది జూనియర్.

"నేనిలాగే ఉంటానేమో. ఏడుసార్లు తీస్తే ఏడుసార్లూ ఇలాగే ఉన్నానుగా. త్వరగా కానీ!"

సూపరింటెండెంటుగారు జేబులో చేతులు పెట్టుకుని, అరగంట ఉపన్యాసం మడతపెట్టుకుని వచ్చారు. ఫోటోను ఆరో మేకుకు తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి తలెత్తి చూశారు. ఆ వేలు సూటిగా ఆయనవైపే ఉంది. తెలియకుండానే జేబులోంచి చేతులు బయటికి తీశారు. పై గుండీ పెట్టుకున్నారు. ఉపన్యాసం నాలుగు నిమిషాల్లో ముగించారు.

"పోలిక అద్భుతంగా వచ్చింది. ఎవరు తీశారు?" అని అడిగారు.

బావగారు జనం వెనకనుంచి సిగ్గుపడుతూ ముందుకొచ్చారు. మెచ్చుకుంటే ఏమనాలో ఆయనకు అలవాటు లేదు. "నేనేనండీ. అంటే, కెమెరా కొంచెం పాతదండీ. రోలర్లు కూడా..."

"నోరు ముయ్యండి బావగారూ! ఆ కెమెరాకేం, బ్రహ్మాండంగా ఉంది!" అంది మరదలు.

కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు బార్లా తెరిచి, చూపుడువేలు పైకెత్తి అంది. వరండాలోని జనమంతా ఒకసారి ఆవిడవైపు, ఒకసారి గోడవైపు చూశారు. ముందుగా నవ్వింది సూపరింటెండెంటుగారే.