అమ్మ నెత్తిమీది గమేళా

నిన్న మా ఊరి మాంగో పేట బజారులో మొక్కలమ్మే అతను "దీదీ, గమ్లా భీ లే లో" అంటూ పూలకుండీ చూపించాడు. ఇక్కడి మన తెలుగువాళ్ల ఇళ్లలో గమేళా అంటే సిమెంటు మోసే ఇనుప తట్ట కదా! రెండూ పోర్చుగీసువాళ్ల 'గమేలా' నుంచే వచ్చాయట. వాళ్లకది చెక్క తొట్టి. ఈమధ్యే చదివాను.

సిద్ధగోరా బస్తీలో మన ఇళ్ల గుమ్మాల పక్కన ఎన్ని గమేళాలు బోర్లించి ఉండేవో గుర్తుందా? అంచున గట్టిపడిన సిమెంటు, లోపల తడి ఇనుము వాసన. చిన్నప్పుడు ఒకసారి, కాంట్రాక్టు పనికి వెళ్లే మా అమ్మలా నడుద్దామని దాన్ని నెత్తిన పెట్టుకున్నాను. అమ్మ పరుగున వచ్చి లాగేసింది.

"దించెయ్యే! నీ నెత్తిమీదికి రాకూడదనే కదేటి నేను మోత్తన్నాను?"

అడుగు చిల్లులు పడ్డాక అందులోనే మట్టి పోసి బంతినారు వేసింది. ఏ పుస్తకమూ చదవకుండానే అమ్మ తట్టని కుండీ చేసేసింది.

నిన్న కొన్న కుండీని, చేతిలో కూరల సంచి ఉందని, నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాను. గుమ్మంలో కూర్చున్న అమ్మ నన్ను చూసి చేతికర్ర ఊతంగా పట్టుకుని లేచింది.

"దించెయ్యే! ఎన్నిసార్లు చెప్పాల నీకు?"