మూల కత్తిరించిన మాత్రలు

మా చింతామణి ఊళ్ళో మందులంగడి రామచంద్రప్పగారు పరమపదించారన్న వార్త మొన్న సోమవారం పొద్దున విన్నాను. ముందురోజే అంగడి మెట్ల మీద నిలబడి నన్ను పిలిచి, "మీయమ్మకు బీపీ ఎట్లుండాదప్పా?" అని అడిగిన మనిషి!

నలభై ఏండ్లు ఆ పుణ్యమూర్తి అంగడిని ఒక వ్రతంగా నడిపారు. బట్లహళ్ళి వైపు పల్లెల నుంచి వచ్చే చదువురాని రైతుల కోసం ఆయనదొక పద్ధతి. మాత్రల షీటుకు ఒక మూల కత్తిరిస్తే పొద్దునకు, రెండు మూలలు కత్తిరిస్తే రాత్రికి. "అక్షరం రాకుంటే ఏమప్పా, వేలికీ కండ్లుండాయి" అనేవారు.

ఆ పక్కనే నా ఇంటర్నెట్ సెంటర్. కంప్యూటర్లో ఆర్డరిస్తే అగ్గువకే మందులు కొరియర్లో ఇంటికొస్తాయని ఊరికి నేర్పిన ఘనుణ్ణి నేనే. ఆయన అంగడి బోసిపోయింది. ఎవరైనా నన్ను తిడితే మాత్రం, "వాని పని వాడు చేస్తాండాడు, పోనీండి" అనేవారు ఆ సహనశీలి.

మా అమ్మకూ అట్లే తెప్పించాను. మూడో వారం ఆమె కళ్ళు తిరిగి పడిపోయింది. చూస్తే పార్సెల్లో ఒక్క మాత్రా తగ్గలేదు!

"ఏలమ్మా మింగలేదు?"

"మూల కత్తిరించలేదు కదా నాయనా. ఎవరివో మనింటికి వచ్చుండాయనుకొంటి."

నాకు తల తీసేసినట్టయింది. సంగతి తెలిసి రామచంద్రప్పగారే కత్తెర పట్టుకొని మా ఇంటికొచ్చారు. తన అంగడివి కాని ఆ షీట్లన్నిటికీ కూర్చొని మూలలు కత్తిరించారు.

"మీ అంగట్లో కొన్నవి కాదు కదప్పా" అన్నాను తలెత్తలేక.

"అంగడి ఎవరిదైతే ఏమి, మింగేది మీయమ్మ" అన్నారు.

ఆ తర్వాత ఎందరో తమ పార్సెళ్ళు తీసుకొని ఆయన దగ్గరికే వెళ్ళారు. ఆయన ఎవరినీ వెనక్కి పంపలేదు. అంతటి ఔదార్యం ఇక యాడ వెతుక్కోవాలి? ఆ అంగడి బోసిపోవడంలో నా చెయ్యీ ఉంది. ఆ పాదాలకు మొక్కుతూ ఈ మాట ఒప్పుకొంటున్నాను.

నిన్న కొత్త పార్సెల్ వచ్చింది. "ఇంగ మూల కత్తిరించేదెవరు నాయనా?" అని అమ్మ కన్నీళ్ళు పెట్టుకొంది. డాక్టరు చీటీ రెండుసార్లు చదివి, నేనే ఒక మూల కత్తిరించి ఇచ్చాను.

అమ్మ దాన్ని వేలితో తడిమింది. "ఆయప్ప కత్తిరించినట్ల లేదు" అంది. కాసేపు పట్టుకొని కూర్చొని, మింగింది.