పుస్తకంలోనే ఉండిపోయిన మృదంగం

నాకు మృదంగం చదవడం వచ్చు, వాయించడం రాదు. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. "ఈత కూడా పుస్తకంలోనే నేర్చుకున్నావా?" అని మా ఆఫీసులో ఒకావిడ అడిగింది. అడగనీ, ఆవిడ తప్పేముంది. జతులు, అంటే మృదంగం దెబ్బల అక్షరాలు, రాసిన కాగితం ఏదైనా నా చేతికిస్తే గడగడా చదివేస్తాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ వేగం పెంచాలో, చివరి దెబ్బ తాళంలో ఎక్కడ పడాలో తడుముకోకుండా చెప్పేస్తాను. మృదంగం ముందు పెడితే మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాల్సిందే. ఇది నా చేతకానితనం కాదు. కావాలనే నన్నిట్లా తయారు చేశారు. ఆ సంగతి తెలిసేసరికి నాకు పదహారేళ్ళు.

మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. చుట్టూ మామిడితోపులు, గుజ్జు ఫ్యాక్టరీలు, హైవే మీద ఎప్పుడు చూసినా లారీలు. తొంభైల మధ్యలో, నేను హైస్కూల్లో ఉండగా, ఊళ్ళో హరికథ పెట్టారు. అందరూ కథ చెప్పే ఆయన్ని చూస్తుంటే నేను మృదంగం ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఆడవాళ్ళ వరస చాలా వెనక. అంత దూరం నుంచి నాకు కనిపించిందల్లా మృదంగం కుడివైపు మూత మధ్యలో ఒక నల్లటి బిళ్ళ, ఎడమవైపు మూత మధ్యలో ఒక తెల్లటి బిళ్ళ. రెండూ మృదంగంతో పాటే తయారై వస్తాయనుకున్నాను. కథ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు గానీ ఆ మోత మాత్రం రెండు రోజులు నన్ను వదల్లేదు. మూడో రోజు నాయన దగ్గరికి పోయి మృదంగం నేర్చుకుంటానని చెప్పాను.

అమ్మ వంటింట్లోంచే అందుకుంది. "మృదంగమంట మృదంగం. నాలుగు బోకులు కడిగేదానికి మాత్రం చేతులు రావు."

నాయన నవ్వాడు. "కానీలే మే, పాప అంతగా అడగతా ఉండాది. చిత్తూర్లో ఒక అయివారు ఉండాడు, మాట్లాడతా" అన్నాడు.

మా నాయన ఎవరికీ ఎదురుగా వద్దని చెప్పే మనిషి కాదు. తోపు కౌలుకు అడిగినవాడికైనా, చందాకు వచ్చినవాడికైనా 'సూద్దాం లేప్పా' అనేవాడు. ఊరంతా ఆయన్ని మెత్తని మనిషి అనేది. నేనూ అదే అనుకుని, ఇంత మంచి నాయన ఎవరికుంటాడని తెగ మురిసిపోయేదాన్ని.

అయ్యవారు నాటకాల కంపెనీల్లో ఏళ్ళ తరబడి మృదంగం వాయించి, చిత్తూరులో కూతురి ఇంటి ముందుగదిలో స్థిరపడిన పెద్దాయన. విజయదశమి రోజు తాంబూలం పళ్ళెం పెట్టి ఆయన కాళ్ళకు మొక్కాను. గది మూలలో మృదంగం ఉంది, ఎర్రటి గుడ్డ గలీబులో. నా కళ్ళు దాని మీదే. ఆయన అటు చూడను కూడా చూడలేదు. రూళ్ళ నోటుపుస్తకం ఒకటి తీసి నా ముందు పెట్టి, "ముందు దీన్ని చదివేది రావాల అమ్మణ్ణీ. చెయ్యి తర్వాత" అన్నారు.

మొదటి పాఠం నాలుగు అక్షరాలు. త, ది, తొం, నం. ఒక్కో అక్షరం ఒక్కో దెబ్బ. తొం అంటే ఎడమచేతి దెబ్బ, నం అంటే కుడిచేతి చూపుడువేలు. అక్షరాల కింద గీత గీస్తే ఆ ముక్క రెట్టింపు వేగం. నిలువుగీత ఒకటి వస్తే తాళంలో ఒక భాగం అయినట్టు, రెండు వస్తే తాళం పూర్తిగా ఒక చుట్టు తిరిగినట్టు. ఇవన్నీ వారంలో పట్టేశాను. కామా దగ్గర మాత్రం నా ప్రాణం పోయింది. మామూలు పుస్తకంలో కామా వస్తే ఎంతసేపైనా ఆగొచ్చు, ఎవరూ అడగరు. ఇక్కడ కామా అంటే ఒక్క అక్షరమంత సేపు మౌనం. నోరు ఆగాలి, తొడ మీద తాళం వేసే చెయ్యి ఆగకూడదు. నేను కనబడిన కామానల్లా మింగేసేదాన్ని. ఎనిమిది దెబ్బల తాళం ఇంకా ఆరో దెబ్బలో ఉండగానే నా పాఠం అయిపోయేది.

"ఏం అమ్మణ్ణీ, బస్సు పోతా ఉండాదా?" అని అయ్యవారు మళ్ళీ మొదటికి తెచ్చేవారు.

మూడు నెలలు ఇదే గొడవ. తర్వాత ఒక ఆదివారం ఆయన అంతవరకూ చూపించని పేజీ ఒకటి తెరిచి ముందు పెట్టారు. నోరు విప్పకుండా ఊరికే కళ్ళతో చూసుకుంటూ పోయాను. లోపల మోత వినబడింది. దెబ్బలూ, మధ్యలో ఖాళీలూ, చివర మూడుసార్లు తిరిగి వచ్చి కూర్చునే ముక్తాయింపూ, అంతా. కాగితం మీది మూగ అక్షరాలు నా తలలో వాగుతున్నాయి. అంత సంతోషం నాకు తర్వాత పెళ్ళిలో కూడా కలగలేదు, మా ఆయన వింటే వినుగాక. ఇంక చెయ్యి పెట్టడమే తరువాయి అనుకున్నాను.

ఆ తరువాయి రాలేదు. మృదంగం మూత చిరిగిందన్నారు, బాగుచేయడానికి మద్రాసు పంపాలన్నారు. వానాకాలం తోలు మెత్తబడుతుందన్నారు, ఎండాకాలం చిట్లుతుందన్నారు. నా వేళ్ళు లేత అన్నారు, లెక్క ఇంకా గట్టిపడాలన్నారు. రెండేళ్ళలో నాలుగు నోటుపుస్తకాలు నిండాయి గానీ ఆ గలీబు ముడి విప్పింది లేదు. మిగతా శిష్యులు సాయంత్రాలు వస్తారట. నేను పోయేది ఆదివారం పొద్దున, ఒక్కదాన్నే. పోల్చి చూసుకోవడానికి ఇంకో మనిషి లేడు కాబట్టి, ఈ విద్య ఇంతేనేమో, అందరికీ ఇట్లాగే చెబుతారేమో అనుకున్నాను.

పోవడం రావడం నాయన మోపెడ్ మీద. తిరిగి వచ్చేటప్పుడు చిత్తూరు దాటగానే ఆయన అడిగేవాడు.

"ఏం పాపా, ఈ పొద్దన్నా చెయ్యి పెట్టించినాడా?"

"లేదు నాయనా. వేళ్ళు లేత అంట."

"ఏం మనిషప్పా ఆయన. వచ్చేవారం నేను అడగతా లే."

వచ్చేవారం వచ్చేది, ఆయన మరిచిపోయేవాడు. అయినా నా తరఫున విసుక్కునే మనిషి ఒకరున్నారని నాకు కొండంత ధైర్యం. దారిలో బండి ఆపి శెనక్కాయలు కొనిపెట్టేవాడు. ఇద్దరం కలిసి అయ్యవారిని నాలుగు మాటలు అనుకుని, తేలికపడి ఇంటికి చేరేవాళ్ళం.

ఇంట్లో మామిడికాయల చెక్కపెట్టె బోర్లించి దాని మీద వాయించేదాన్ని. ఒకసారి పేడు గుచ్చుకుని గోటి కింద చీము పట్టింది. నాయన నా వేలు వేడినీళ్ళలో ముంచి, సూదితో పేడు తీసి, ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. మర్నాడు ఆ పెట్టెను వడ్రంగి దగ్గరికి మోసుకుపోయి నున్నగా చిత్రిక పట్టించి తెచ్చాడు. "ఇంగ గుచ్చుకోదు పాపా, వాయించుకో" అన్నాడు. ఆ పూట నాకు ఏడుపొచ్చింది, అంత ప్రేమ పుట్టింది ఆయన మీద.

పదో తరగతి అయ్యాక, తిరుపతిలో సంగీత పరీక్ష జరుగుతుందని మా బడిలో పాటలు నేర్పే టీచరమ్మ ఫారం తెచ్చి ఇచ్చింది. అది పాసైతే కాలేజీలో మృదంగం చేరొచ్చు. ఫారంలో రాత పరీక్ష, ప్రాక్టికల్ అని రెండూ ఉన్నాయి. నేను మృదంగం మీద ఇంకా చెయ్యే పెట్టలేదు. అయ్యవారిని అడిగితే ఆయన ముక్కుపొడి డబ్బా చేతిలో తిప్పుతూ చాలాసేపు కూర్చున్నారు.

"నోటితో చెప్పమంటారులే. నీకు నోరు బాగా ఆడతాది గదా" అన్నారు చివరికి.

నాయన ఫారం మీద మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. పరీక్ష అంటే కాగితం మీద రాసేదేనని ఆయన లెక్క.

రాత పరీక్ష దంచేశాను. మర్నాడు ప్రాక్టికల్, అలిపిరి పోయే రోడ్డులో ఒక బడిలో. నాయన బయట చెట్టు కింద నిలబడ్డాడు. లోపల పరీక్ష చేసేవారు ఒక ఆడమనిషి. నేను మృదంగం వాయించే ఆడమనిషిని చూడడం అదే మొదలు. ఆమె వేళ్ళ కొసలు కాయలు కాచి ఉన్నాయి. జతుల కాగితం ఇచ్చి చదవమంటే తాళం వేస్తూ ఒక్క తప్పు లేకుండా చదివాను. ఆమె ముఖం విప్పారింది.

"ఇంత శుభ్రంగా ఎవరు చెప్పారమ్మా నీకు?" అంటూ మృదంగాన్ని నా ముందుకు జరిపింది. "సరే, ఇదే వాయించు."

అయ్యవారు నోటితోనే అన్నారు గదా అనుకుంటూ దగ్గరికి జరిగాను. మృదంగం పక్కన చిన్న గిన్నె ఉంది, అందులో తెల్లటి ముద్ద. పొద్దున ఎవరో తిని వదిలేసిన ఉప్మా అనుకున్నాను. వాద్యం దగ్గర ఎంగిలి ఉండకూడదు కదా, గిన్నెను ఎత్తి భక్తిగా గుమ్మం బయట పెట్టి వచ్చాను.

"దాన్నెందుకు బయట పెట్టావు?"

"ఎంగిలి గదా మేడం."

ఆమె తనే లేచి గిన్నె తెచ్చి, నీళ్ళతో తడిపిన ఆ రవ్వముద్దను ఎడమవైపు మూత మధ్యలో అద్దింది. నేను హరికథలో చూసిన తెల్లబిళ్ళ అదే. వాయించే ముందు ప్రతిసారీ పెట్టుకోవాలట, అయ్యాక గీకేయాలట, అది లేకపోతే ఎడమవైపు మోతే పలకదట. మొదటి రోజు చెయ్యి పెట్టే పిల్లకు కూడా తెలిసే సంగతి. నేను నింపిన నాలుగు నోటుపుస్తకాల్లో రవ్వ అనే మాట ఎక్కడా లేదు.

వాయించాను. తొం అని రావాల్సిన చోట టప్ అంది. కళ్ళ ముందు కాగితం మీద అన్నీ తెలుస్తున్నాయి, చేతులు మాత్రం ఎవరివో అయిపోయాయి. నాలుగు దెబ్బలకే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. వేళ్ళు ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

"ఎన్నాళ్ళు నేర్చుకున్నావు?"

"రెండేళ్ళు."

"మంచి వేళ్ళమ్మా. నీకు చెప్పినాయన నీకు అన్యాయం చేశాడు" అంది.

బయటికి వచ్చి నాయన భుజం మీద పడి వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన నా వీపు నిమురుతూ, "పోనీలే పాపా, రాసేది బాగా రాసినావు గదా" అన్నాడు. ఆయన్ని కూడా ఏడిపిస్తున్నానే అని బాధపడ్డాను. ఎంత వెర్రిదాన్నో చూడండి.

ఆ ఆదివారం ఇంట్లో చెప్పకుండా బస్సెక్కి చిత్తూరు పోయాను. అయ్యవారిని నోటికొచ్చినట్టు తిట్టాను. గురువని కూడా చూడలేదు, రెండేళ్ళు నా చెవిలో పువ్వులు పెట్టారని అన్నాను. ఆయన తలవంచుకుని అంతా విన్నారు. నేను అలిసిపోయాక మెల్లగా చెప్పారు.

"మీ నాయన్ని అడుగమ్మా. నువ్వు రాకముందే వచ్చి చెప్పిపోయినాడు. సామీ, మా పాప మొండిది, వద్దంటే వినదు. చదివేది నేర్పించండి, చెయ్యి మాత్రం పెట్టనీబాకండి, నాలుగు నెలలు తిరిగితే విసుగుపుట్టి తనే మానుకుంటాది అన్నాడు. నువ్వు మానుకోలేదు. కనీసం చదివేదన్నా లోటు లేకుండా చెప్పాలని చెప్పినా. నాదీ తప్పే, కాదన్ను."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే నాకు ఏడుపు కూడా రాలేదు. అయ్యవారి మీద కోపం ఎప్పుడు పోయిందో పోయింది. ఆయన పరాయివాడు, చెప్పినమాట విన్నాడు. చెయ్యి పెట్టించినాడా అని మోపెడ్ మీద వారం వారం నన్ను అడిగిందెవరు? జవాబు ముందే తెలిసి అడిగాడు. తన మాట చెల్లుతోందా లేదా అని నా నోటితోనే కనుక్కున్నాడు. లేదని చెబితే నాతో పాటు నిట్టూర్చాడు, నాతో పాటు ఆ ముసలాయన్ని తిట్టాడు, ఆపైన శెనక్కాయలు కొనిపెట్టాడు. వద్దని నా ముఖం మీద ఒక్క మాట అని ఉంటే పోట్లాడేదాన్ని, అన్నం మానేసేదాన్ని, గెలవడమో ఓడడమో అయ్యేది. నాకు ఆ పోట్లాట కూడా దక్కనీయలేదు. సొంత నాయన నన్ను నమ్మించి గొంతు కోశాడని ఆ రోజు అనుకున్నాను. ఈ రోజూ ఆ మాట వెనక్కి తీసుకోను.

నేను బస్సు దిగి పోయేసరికి మా తోపులో లారీకి కాయలు ఎక్కిస్తున్నారు. నాయన్ని పక్కకు పిలిచి అడిగాను. ఆయన బుకాయించలేదు.

"మన ఇండ్లల్లో ఆడపిల్ల నలుగురి ముందర కూర్చోని తోలు వాయించేదేంది పాపా. పాటంటే సరే అనేవాణ్ణి. వద్దంటే నువ్వు ఏడస్తావని..."

"ఇప్పుడు ఏడవలేదా?"

ఆయన నేల చూశాడు.

"నాలుగు నెలల్లో మానుకుంటావనుకున్నా."

"రెండేండ్లు మానుకోలేదు. నువ్వు దినామూ సూస్తానే ఉండావు గదా నాయనా."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. తర్వాత, "సరే, పద. రేపే మద్రాసు పోయి మృదంగం కొనిస్తా. ఇంగో అయివారిని సూద్దాం" అన్నాడు.

"నాకేం వద్దు" అన్నాను.

రోషంతో అన్న మాట అది. పదహారేళ్ళ పిల్ల వద్దంటే దాని అర్థం ఏమిటో కన్నవాళ్ళకు తెలియదా? బతిమాలతాడని చూస్తూ నిలబడ్డాను. ఆయన ముఖంలో బిగువంతా సడలింది. గుండెల నిండా ఊపిరి తీసి వదిలాడు.

"సరేలే పాపా, నీ ఇష్టం" అని లారీ దగ్గరికి పోయాడు.

ఇంకొక్కసారి అడిగి ఉంటే సరేననేదాన్ని.