తన మీద వేసుకున్న తప్పు

నా భార్య చనిపోయింది. కామెర్లు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ఆలస్యమైంది. దూరాన ఉన్న బంధువులకూ, పాత మిత్రులకూ ఉత్తరాలు రాయాలని కార్డులు కొని తెచ్చాను. రాయలేకపోయాను. ఈ పత్రిక వాళ్ళలో చాలామందికి చేరుతుంది కనుక ఇక్కడ చెబుతున్నాను.

ప్రత్తిపాడుకు నాలుగు మైళ్ళ దూరంలో ఒక పల్లె మిషన్ బడిలో పంతుల్ని నేను. ఆమె అద్దంకి వైపు నుంచి కాపురానికి వచ్చింది. బండిలో రేకుపెట్టె, బండి వెనక కట్టిన రెండు మేకలు. నేను కొత్తగా బి.ఏ. ప్యాసయినవాణ్ణి. గుమ్మం ముందు మేకలంటే నాకు నామోషీ.

"ఇవి ఎందుకు?" అన్నాను.

"మీకు జీతం ఎప్పుడొస్తుందండీ?"

"నెలకోసారి. ఒక్కోసారి రెండు నెలలకి."

"ఇవి పూటపూటా ఇస్తాయి. వీటి ముందు మీరే నామోషీ పడాలి."

కొన్నేళ్ళలో ఆ రెండూ పదకొండయ్యాయి. పాలు మాకూ, వీధిలో పసిపిల్లలున్న ఇళ్ళకూ. పెంటికలు మిరప నారుమళ్ళకి. ఒకటి రెండు పోతుల్ని అమ్మితే ఏడాదికి బట్టలు. చేతికర్ర ఉండేది గానీ ఎత్తేది కాదు. "కొడితే మేక మర్చిపోతుందండీ, చెయ్యి మర్చిపోదు," అనేది. బడిలో బెత్తం పట్టుకున్న ప్రతిసారీ ఆ మాట గుర్తొచ్చి, చివరికి నేను బెత్తం మానేశాను.

మా వైపు మేకని పాలికి ఇవ్వడమని ఒక పద్ధతి ఉంది. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి ఒక ఆడమేకని పెంచమని ఇస్తారు. మొదటి ఈత పిల్లలు పెంచినవాళ్ళవి, రెండో ఈతవి ఇచ్చినవాళ్ళవి. పాలు పెంచినవాళ్ళవే. మా వీధిలో నలుగురు ఆడవాళ్ళకి ఆమె అలా ఇచ్చింది. వాళ్ళ మేక ఈనలేక కష్టపడినా, పిల్లని దగ్గరికి రానివ్వకపోయినా ఆమె కోసమే పరిగెత్తుకొచ్చేవారు. అన్నం ముందునుంచి లేచి వెళ్ళేది.

ఆ నలుగురిలో మరియమ్మ ఒకతె. భర్త పోయినావిడ. కూతురు నా మూడో తరగతిలో ఉండేది. మరియమ్మ దగ్గరున్న మేక మొదటిసారి చూడి కట్టింది. పుట్టే పిల్లలు ఆవిడవే. ఆ ఇంట్లో అంతకుముందు సొంతమన్నది ఏదీ లేదు.

ఆ వేసవిలో సింగరాయకొండలో ఉన్న వాళ్ళక్కకి ఒంట్లో బాగాలేదని కబురొచ్చి నా భార్య బయల్దేరింది. మరియమ్మ మిరపకాయల కళ్ళానికి కూలికి పోతోంది కనుక ఆవిడ మేక కూడా మా దొడ్లోనే ఉంది.

"తుమ్మకాయలు రాల్చి వెయ్యండి. బయటికి మాత్రం తోలకండి," అంది.

"నాకా చెబుతున్నావు?" అన్నాను నవ్వి.

"మీకే. వాటికి చెప్పక్కర్లేదు."

రెండో రోజుకి అందే కొమ్మలన్నీ అయిపోయాయి. దోటితో పై కొమ్మలు లాగితే అరచేతులు బొబ్బలెక్కాయి. మేకలు అరుస్తున్నాయి. అంతకు వారం ముందు ఒక చిన్న వాన పడింది. ఊరి బయట కోసేసిన జొన్నచేలో మోళ్ళన్నీ చిగిర్చాయి. చుట్టూ నల్లరేగడి బీటలు వారి ఉంటే అదొక్కటే పచ్చగా ఉంది. నేను చూసింది అదొక్కటే. పన్నెండు మేకల్నీ అందులోకి తోలాను.

దారిన పోతున్న ఒక రైతు బండి ఆపి కేక వేశాడు.

"ఒరేయ్, ఎవడ్రా అది! ఎండకి మాడిన మోళ్ళకి వచ్చిన చిగురు విషంరా!" దగ్గరికొచ్చి నన్ను గుర్తుపట్టాడు. "మేష్టారా! అయ్యో, మీరేంటండీ ఇక్కడ! తోలండి, బయటికి తోలండి!"

అప్పటికే ఒకటి తూలుతోంది. నోట నురగ. బెల్లం నీళ్ళు తెచ్చి పోశారెవరో. గంట తిరక్కముందే ఎనిమిది పోయాయి. మరియమ్మ చూడిమేక వాటిలో ఉంది.

మర్నాడు ఉదయం బస్సు దిగి నా భార్య వచ్చేసరికి మా గుమ్మం ముందు జనం. మరియమ్మ తన మేక పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. "ఎవరు చెప్పారండీ మీకు అక్కడికి తోలమని?" అని అప్పటికి పదిసార్లు నన్ను అడిగారు. నేను నోరు విప్పలేదు.

ఆమె సంచీ కింద పెట్టింది. మేకల్ని చూసింది. నన్ను చూసింది.

"నేనే చెప్పాను," అంది. "వాన పడింది కదా, చిగురు మేపమన్నాను. నాదే పొరపాటు."

"పంతులుగారిదేముంది పాపం, పెళ్ళాం చెప్పినట్టు చేశాడు," అన్నారెవరో.

లోపలికొచ్చాక అడిగాను, ఎందుకట్లా అన్నావని.

"మీ మాట పిల్లలు నమ్మాలి. మేకలు నన్ను ఎట్లాగూ నమ్ముతాయి."

"రేపు నేను నిజం చెబుతాను."

"చెప్పండి," అంది.

ఆమె వద్దనలేదు. అది ఇక్కడ రాయాలి. ఆ రేపు ఏడేళ్ళపాటు రాలేదు.

ఆ రోజే, మిగిలిన వాటిలో ఇంకా ఈనని ఒక మేకని తీసుకెళ్ళి మరియమ్మ గుంజకి కట్టి వచ్చింది. మరియమ్మ మేకని తీసుకుంది గానీ ఆమెతో మాట మానేసింది. పాలు లేవు, అమ్ముకోవడానికి పిల్లల్లేవు. కూతుర్ని బడి మాన్పించి మిరపకోతలకి తీసుకుపోయింది. హాజరుపట్టీలో ఆ పిల్ల పేరు మీద గీత కొట్టింది నేనే.

పాలికి ఇచ్చిన మిగతా మూడు మేకలూ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. పొద్దున్నే లేచి చూస్తే మా గేటుకి కట్టి ఉండేవి. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆమె తాడు విప్పి లోపలికి తోలుకునేది. ఈనలేని మేకల కోసం ఆమెని పిలవడం మానేసి పక్క ఊరికి మనిషిని పంపేవారు.

బావి దగ్గర ఎకసెక్కాలు. "ఏం పిల్లా, ఇవాళ ఎటు తోలమంటావు?"

"నన్నడక్కండమ్మా. నాకు జొన్నకీ గడ్డికీ తేడా తెలియదు," అని తనే ముందు నవ్వేది. నేను కిటికీ దగ్గర పుస్తకం పట్టుకుని వినేవాణ్ణి.

ఆమె మంచాన పడిన పదకొండు రోజుల్లో ఆ మాట ఎత్తుతుందేమోనని ఎదురుచూశాను. ఎత్తలేదు. "ఎర్రది ఈ వారంలో ఈనుతుంది, పక్కనుండండి," అంది. అదే నాతో అన్న ఆఖరి మాట. ఎర్రది ఈనింది. పక్కనున్నాను. ఏం చెయ్యాలో తెలియలేదు. అంతా అదే చేసుకుంది.

ఇప్పుడు పొద్దున్నే దొడ్లోకి వెళ్తే మేకలు నన్ను చూడవు. నా వెనక చూస్తాయి. అన్నీ ఒకేసారి చెవులు రిక్కిస్తాయి. నాలుకని అంగిటికి కొట్టి ఆమె వాటిని పిలిచే శబ్దం నాకూ వినబడుతుంది. తిరిగి చూడటం మొదట్లో మానుకోలేకపోయాను. ఇప్పుడు తిరగను. అవి చూస్తున్నంతసేపూ కదలకుండా నిలబడతాను.

సమాధి చేసిన రోజు వీధి అంతా వచ్చింది. మరియమ్మ శ్మశానం గోడ బయటే ఆగిపోయింది.

నిన్న ఇది రాయడం మొదలుపెట్టి ఆపాను. అచ్చులో చదివేవాళ్ళకంటే ముందు తెలియాల్సిన మనిషి మరియమ్మ. ఆవిడకి చదువు రాదు. సాయంత్రం వెళ్ళాను. వాకిట్లో మిరపకాయలకి తొడిమలు తీస్తోంది.

"ఆ రోజు అక్కడికి తోలమని నాకెవరూ చెప్పలేదు మరియమ్మా. తను తోలొద్దనే చెప్పి వెళ్ళింది. నేనే తోలాను."

చేతులు ఆగాయి. నా మొహంలోకి చూసింది.

"ఏడేళ్ళు," అంది. తర్వాత గొంతు లేచింది. "ఏడేళ్ళు ఆ పిల్లని తిట్టుకున్నాను కదయ్యా! బావి కాడ ఎదురొస్తే మొహం తిప్పుకున్నాను! నువ్వు మనిషివేనా మేష్టారూ?"

ఆవిడ లేచి, కారం చేతులు కొంగుకి తుడుచుకుని, తన మేకల్ని ముందు తోలుకుంటూ వెళ్ళిపోయింది. దూరంగా నడుస్తూ వెంట వెళ్ళాను. శ్మశానం గేటు దగ్గర ఆగాను. లోపలికి వెళ్ళడానికి నాకు హక్కు ఉన్నట్టనిపించలేదు.

కొత్త మట్టి మీద కప్పిన ముళ్ళకంపని పక్కకి లాగి, మరియమ్మ ఆ పక్కనే నేల మీద చతికిలబడింది. మేకలు చుట్టూ మేస్తున్నాయి. ఆవిడ మాట్లాడుతోంది. గాలి అటువైపుకి వీస్తోంది, ఒక్క ముక్కా నాదాకా రాలేదు. చేతులు తిప్పుతూ ఏదో చాలాసేపు చెప్పింది. మధ్యలో ఒకసారి ఏదో అడిగింది. అడిగి, మట్టి వైపు వంగి, ఆగింది.

తర్వాత, ఎవరో జవాబు చెబుతుంటే విన్నట్టు, మెల్లగా తల ఊపింది.