పెదాలు మాత్రం ఆడించు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఏది చెప్పినా పెంచి చెబుతాను. నెత్తళ్ళను సొరచేపలంత చెయ్యకపోతే ఆ పూట నాకు అన్నం సయించదు. మా ఇంట్లో నా మాటను సగానికి కోసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసి, మిగిలిన ముక్కను కూడా ఇంకెవరినైనా అడిగాకే నమ్ముతారు. మీరూ అట్లాగే కోసుకోండి, నేనేమీ అనుకోను. మొన్న నెల్లూరులో ఎక్కిన ఆటో విషయం మాత్రం కోయకండి. ఆ ఆటోలో ఏదో మోగుతోంది. పాత లారీ ఇంజను ఒకటి ఇనుప గొలుసులను మింగి అరగక మూలుగుతున్నట్టుంది. దాని మీద ఒక ఆడగొంతు గర్జిస్తోంది. కాస్త తగ్గించమని అడిగితే, డ్రైవరు అద్దంలోంచి నా వైపు జాలిగా చూశాడు. "ముత్తుకూరు పక్క అక్క సార్. చేపలమ్మే అక్క. ఈమె తెలీదా మీకు?" అన్నాడు. "మా సొంత అక్కే" అన్నాను. అతను ఆటోను పక్కకు ఆపి, వెనక్కి తిరిగి, నన్ను కాళ్ళ నుంచి తలదాకా చూశాడు. "మీరు ఆ అక్కకి తమ్ముడా?" అన్నాడు, నమ్మబుద్ధి కానట్టు. వరస తిరగబడింది. ఎందుకంటే మా ఊళ్ళో నలభై ఏళ్ళుగా ఆమె "ఆ పాటలబ్బాయి వాళ్ళక్క". ఆ పాటలబ్బాయి నేనే.

ముత్తుకూరు దాటాక సముద్రం పక్కన ఉంటుంది మా వాడ. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. ఆదివారం మాత్రం ఆ నెత్తి మీదకు కొంగు కప్పుకుని మమ్మల్నిద్దరినీ చర్చికి నడిపించేది. నా గొంతు తేనె. నేను ఎత్తుకుంటే ప్రహరీ గోడ మీద కాకులన్నీ వరసగా కూర్చుని, ముక్కులు మూసుకుని వినేవి. పాస్టరుగారు ప్రసంగం మరిచిపోయేవారు. మా అక్క గొంతేమో ఎండిన ఇసుక మీద పడవను ఈడ్చినట్టుండేది. ఒక క్రిస్మస్‌కు పాటలు నేర్పుతున్నప్పుడు మాస్టారు హార్మోనియం ఆపి, "ఆ బొంగురు ఎవరిది?" అని అడిగారు. అందరూ నేల చూపులు చూస్తుంటే వేలెత్తి మా అక్కను చూపించింది నేనే. మాస్టారు చెడ్డవారు కాదు. అక్క పొడుగ్గా, కళగా ఉంటుందని ఆయనకూ తెలుసు. "నువ్వు ముందు వరసలోనే నిలబడమ్మా. పెదాలు మాత్రం ఆడించు" అన్నారు. మూడు క్రిస్మస్‌లు అక్క అట్లాగే ఆడించింది. పక్కనే నిలబడి నేను మెచ్చుకోళ్ళన్నీ జేబులో వేసుకున్నాను.

చర్చికి పనికిరాని ఆ గొంతు రేవులో పనికొచ్చింది. అమ్మకు ఓపిక తగ్గాక గంప అక్క తీసుకుంది. చేపల వేలంలో ఆమె ఒక్క కేక వేస్తే కృష్ణపట్నం పోర్టులో ఓడలు లంగరు ఎత్తబోయి ఆగేవి. అదే మనిషి బస్సెక్కితే నోరు మెదిపేది కాదు. జనం ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకునేవాళ్ళు. "నీసు కంపు, ఎనక్కి పో" అని కండక్టరు అంటే, గంప ఎత్తుకుని వెనక్కి పోయేది. నేను అదే బస్సులో ముందు సీట్లో, ఇస్త్రీ చొక్కాతో, కిటికీలోంచి ప్రకృతిని చూస్తూ ఉండేవాణ్ణి.

అమ్మ పోయినప్పుడు సమాధి దగ్గర నేను పాడాను. ఒక్క చోట కూడా శ్రుతి తప్పలేదు, గొంతు వణకలేదు. జనం అమ్మను వదిలేసి నన్ను పొగిడారు. ఆ పాట మధ్యలో అక్క ఒక అరుపు మొదలుపెట్టింది. పక్కనున్న పెద్దావిడ అక్క కొంగే తీసి అక్క నోట్లో కుక్కి, "ఊరుకోమ్మే, తమ్ముడు పాడతుండాడు గదా" అంది. అరుపు సగంలో తెగిపోయింది. నేను చరణం పూర్తి చేశాను.

ఇప్పుడు మా వాడలోనే నలుగురు మగవాళ్ళు, పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు, పగలు థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి పోతారు, సెలవు రోజు పాత ఐసు షెడ్డులో గిటార్లు చితగ్గొడతారు. దాన్ని హెవీ మెటల్ అంటారట. వాళ్ళు వేలంలో అక్క కేక విన్నారు. "అక్కా, ఆ గొంతు మాకియ్యి" అని అడిగారు. నా గొంతు అదే వాడలో, అదే వీధిలో, తేనెతో సహా ఖాళీగా ఉంది. ఒక్కడూ అడగలేదు. బృందానికి పేరేం పెడదామంటే అక్కే చెప్పిందట, "నీసు కంపు" అని. వాళ్ళ పాటే ఫోన్లలో పడి నెల్లూరు ఆటోల దాకా పోయింది.

ఆ ఆటో ఎక్కాక వచ్చిన ఆదివారం చర్చి అయ్యాక రేవులో వేలం షెడ్డు కింద వాళ్ళు వాయిస్తారని తెలిసి పోయాను. తప్పులు పట్టడానికే పోయాను, చెవుల్లో దూది కూడా పెట్టుకున్నాను. అక్క వేలానికి కట్టుకునే చీరతోనే, కొంగు నడుముకు దోపి నిలబడింది. పాటలో సాహిత్యమేముంది? చేపల పేర్లు. వంజరం, కానాగంత, సొర, టేకు. వాటి మధ్య బస్సులో విన్న మాటలు. "ఎనక్కి పో" అని అక్క గర్జిస్తే, గంపలు దించి నిలబడిన ఆడవాళ్ళంతా "ఎనక్కి పో" అని తిరిగి గర్జించారు. ఇన్నేళ్ళూ విన్న మాటను ఎవరికి ఇవ్వాలో వాళ్ళకు ఇచ్చేస్తున్నట్టుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను పాడితే జనం కళ్ళు మూసుకునేవాళ్ళు. ఆమె పాడితే తెరుస్తున్నారు.

చివర్లో మాటలు లేవు. ఒక్క అరుపు. విన్న మరుక్షణం గుర్తుపట్టాను. అమ్మ సమాధి దగ్గర ఎక్కడ తెగిందో సరిగ్గా అక్కడి నుంచే అందుకుంది. అది ఆగేసరికి ఆమె ముఖం కడిగిన గంపలా తేటగా ఉంది. నిజమైన అసూయ నాకు అప్పుడు పుట్టింది. పేరు, చప్పట్లు, ఆటో డ్రైవరు, అవన్నీ చిల్లర. ఆమె ఏడుపు పూర్తయింది. నాది ఇంకా లోపలే ఉంది, శ్రుతి తప్పకుండా.

అక్క నన్ను చూసి దిగివచ్చి మైకు నా మూతి దగ్గర పెట్టింది. "నువ్వు గూడా అరవరా. అమ్మకి" అంది. అరిచాను. షెడ్డు రేకులు లేచి పడ్డాయి, అలలు పదడుగులు వెనక్కి పోయాయి, డ్రమ్ములవాడి చేతిలో పుల్లలు జారిపోయాయి.

ఇందులో కోసుకోవలసింది ఎక్కడుందో చెప్పేస్తాను. కాకులు అన్ని లేవు, రెండో మూడో ఉండేవి. ఓడల సంగతి నేను చూడలేదు. ఇవి చిన్నవి. పూర్తిగా కల్పించింది ఒక్కటే, నా అరుపు. నోరు తెరిచాను, ఏమీ రాలేదు. దూరంగా ఉన్నవాళ్ళు నేను పాడుతున్నాననే అనుకున్నారు, కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఎదురుగా ఉన్న అక్క మాత్రం నా పెదాల వంక చూసింది. నవ్వలేదు, దెప్పలేదు. "పర్లేదులే. వచ్చే ఆదివారం రా" అని వీపు మీద చెయ్యి వేసి, మైకు తీసుకుని వెళ్ళిపోయింది. ముందు వరసలో నిలబడి శబ్దం లేకుండా పెదాలు ఆడించడం ఎంత కష్టమో నాకు తెలియడానికి నలభై ఏళ్ళు పట్టింది. ఈ నలభైలో ఒక్కటి కూడా పెంచింది కాదు.