మళ్ళీ పుట్టాలన్న మాట

కెలెరా ఇండియావాళ్ళ మతంలో కలిసిపోయిందని నాంబులా ఊళ్ళో చెప్పుకున్నారు. ఏటి అవతల ముసలావిడ ధన్‌పతి ఇంట్లో మంగళవారం సాయంత్రం దీపం ముందు మోకరిల్లిందని ఒకరు అన్నారు. నుదుట కుంకంతో పడవ దిగుతుంటే కళ్ళారా చూశానని ఇంకొకరు అన్నారు. లంబాసా టౌనులో చీర కూడా కుట్టించుకుంటోందని, చీరను ఎవరూ కుట్టించుకోరని తెలియని మూడో మనిషి అంది.

ఇంత మాటా పుట్టింది ఒక చిన్న వేళాకోళంలోంచి. అన్నది ఎవరో కాదు, కెలెరా వదిన అసెనాదా. ఆ ఊళ్ళో వదిన ఆడబిడ్డను ఆటపట్టించకపోతేనే ఇద్దరికీ ఏదో గొడవైందని అనుమానపడతారు. ఒకరోజు ఆడవాళ్ళంతా చర్చి పక్క పాకలో కూర్చుని మొగలాకు చాపలు అల్లుతున్నారు. మంగళవారం సాయంత్రాలు కెలెరా కనిపించడం లేదేమని ఎవరో అడిగారు. అసెనాదా అల్లుతున్న చాప మీంచి తల ఎత్తకుండానే, "మా ఆడబిడ్డ ఇండియా లోతుకు పోయింది" అంది. అందరూ నవ్వారు.

వాళ్ళ భాషలో లోతు అంటే ప్రార్థన. చర్చీ లోతే, మతమూ లోతే, ఉన్న మతం వదిలి మరో మతం పుచ్చుకోవడమూ లోతే. ఆ పాకలో అది ప్రార్థన. ఇళ్ళు చేరేసరికి మతం అయింది. ఆదివారానికి మతం పుచ్చుకోవడం అయింది.

కెలెరాకు ముప్పై ఆరేళ్ళు. ఆరో తరగతిలో ఉండగా తల్లి పోయింది. ఇంట్లో మంచాన పడిన అమ్మమ్మకు ఎవరో ఒకరు అన్నం పెట్టాలి కాబట్టి బడి మానేసింది. అమ్మమ్మ పోయాక ఏరు దాటి ధన్‌పతి ఇంట్లో బట్టలు ఉతికే పనికి కుదిరింది. ఏరు దాటితే అన్నీ చెరకు తోటలు. తోటల మధ్య, తాతల కాలంలో చెరకు పనికి ఓడలెక్కి వచ్చిన ఇండియావాళ్ళ పేట, ప్రతి వాకిట్లో పూజ చేసి వెదురు గడకు కట్టిన ఎర్ర జెండాలు. ధన్‌పతి వంటింట్లో పప్పు ఏరుతూ, రొట్టె ఒత్తుతూ, తిట్లు తింటూ కెలెరా హిందీ నేర్చుకుంది. పదకొండేళ్ళలో ఆ భాషలో కలలు కూడా వచ్చేటంతగా నేర్చుకుంది. చెల్లెళ్ళకు పెళ్ళిళ్ళయ్యాయి. ఆ పని మానేశాక కెలెరా తన అన్న సకేయాసి ఇంట్లోనే ఉండిపోయింది. చర్చిలో ఎప్పుడూ తలుపు పక్క గుంజకు ఆనుకుని కూర్చునేది. తనను ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ముందు తల దించుకుని, తర్వాత పలికేది.

అలాంటి మనిషిని నలుగురిలో మాట్లాడించినవాడు పాస్టరు ఇలైతియా. ఆయన లావు అనే దూరపు దీవుల నుంచి రెండేళ్ళ కిందట వచ్చాడు. వచ్చిన నెలలోనే శనివారం శనివారం అవతలి పేటకు వెళ్ళి సువార్త చెప్పాలని నియమం పెట్టాడు. ఆయన చెప్పేది ఆ పేటవాళ్ళకు హిందీలోకి మార్చగల నోరు ఊళ్ళో కెలెరాది ఒక్కటే. ఆమెకు అది బరువనిపించలేదు. మాట పాస్టరుది, గొంతు మాత్రమే తనది. ఇంకొకరి మాట మోయడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు.

పేటవాళ్ళు మర్యాదస్తులు. కుర్చీలు వేసి, టీ ఇచ్చి, చెప్పిందంతా విని, పాస్టరు ఇచ్చిన యేసు పటాన్ని రెండు చేతులా అందుకునేవారు. తలుపులు తెరుచుకున్నాయని పాస్టరు ఆదివారం ఆనందంగా చెప్పేవాడు. మరుసటి శనివారం వెళ్ళినప్పుడు ఆ పటం దేవుళ్ళ అరలో, మిగతా పటాల పక్కన, బంతిపూల దండతో ఉండేది. పాస్టరు వాకిట్లోనే కూర్చునేవాడు కాబట్టి ఆయనకు కనిపించేది కాదు. మంచినీళ్ళకని లోపలికి వెళ్ళే కెలెరాకు కనిపించేది. వాళ్ళు ఎవరినీ వదిలిపెట్టలేదు, ఒకరిని కలుపుకున్నారంతే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

చివరికి ఒక శనివారం ధన్‌పతి ఇంటికి వెళ్ళారు. అప్పటికే ఆ ముసలావిడకు డెబ్బై దాటాయి, మోకాళ్ళు పట్టేసి ఇల్లు కదలడం లేదు. వరండాలో చాప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. పాస్టరు తన మాట మొదలుపెట్టి, చివరికి ఎప్పుడూ చెప్పే వాక్యానికి వచ్చాడు. మనిషి మళ్ళీ పుట్టాలి. కెలెరా దాన్ని ఉన్నదున్నట్టు హిందీలో చెప్పింది.

ధన్‌పతి చేతులు ఆగిపోయాయి.

"మళ్ళీనా?" అంది. "ఏమే పిల్లా, ఆయనేమంటున్నాడో అర్థమయ్యే చెప్తున్నావా నువ్వు? మళ్ళీ పుట్టాలా నేను? మళ్ళీ ఆ చెరకే కొట్టాలా? మళ్ళీ ముగ్గురు పసిబిడ్డల్ని మట్టిలో పెట్టాలా? రోజూ పొద్దున్నే లేచి నేను అడుక్కునేది ఒక్కటేనే, ఈ ఒక్కసారితో చాలించు స్వామీ అని. మీ పాస్టర్ని అడుగు. మీ దేవుడు తప్పిస్తాడా, తిరిగి పంపిస్తాడా?"

ఏమంటోందని పాస్టరు అడిగాడు. కెలెరా చాప అంచు చూస్తూ, ఆలోచించుకుంటానంటోందని చెప్పింది. ఆయన తల పంకించి, దేవునికి స్తోత్రం అన్నాడు.

ఈ రెండేళ్ళూ ఎన్ని వాకిళ్ళలో ఆ మాట చెప్పిందో ఆమెకు గుర్తొచ్చింది. వరమని ఇచ్చింది. వాళ్ళ చెవిన శిక్షగా పడింది. మర్యాదస్తులు కాబట్టి ఎవరూ అనలేదు. ధన్‌పతికి తన దగ్గర మర్యాద అక్కర్లేదు కాబట్టి అంది.

మర్నాడు ఆరాధన అయ్యాక, కప్పులు కడిగి తుడిచే వంకతో ఆగిపోయి, కెలెరా పాస్టరుకు నిజం చెప్పింది. ఆయన కోప్పడలేదు. ఎదురుగా కూర్చుని ఓపిగ్గా విన్నాడు. తాను పుట్టిన దీవిలో ఇండియావాళ్ళు లేరని, వాళ్ళ పద్ధతులు తనకు తెలియవని, తెలుసుకోవాలని కూడా లేదని చెప్పాడు. అలా నేర్చుకోవడం మొదలుపెట్టి, ఎక్కడ ఆగాలో తెలియక మునిగిపోయినవాళ్ళను చూశానన్నాడు.

"మనకు వాక్యం చాలమ్మా" అన్నాడు.

"అయ్యా, నా నోట్లోంచి పోయేటప్పుడు అది వాక్యమే. వాళ్ళ చెవిలోకి పోయేసరికి శాపం అయిపోతోంది."

"నువ్వు చెప్పు. మిగతాది పరిశుద్ధాత్మ చూసుకుంటాడు."

కెలెరా ఇంకొక మాట అనాలనుకుంది. మనం దేవుణ్ణి కలౌ అని పిలుస్తున్నాం కదా, ఆ పేరు మన తాతముత్తాతల పాత దేవతలదే కదా, మొదట వచ్చిన తెల్ల పాస్టర్లు మన ముసలివాళ్ళ పక్కన కూర్చుని అడిగి తెలుసుకోకపోతే ఆ మాట వాళ్ళకెక్కడ దొరికేది అని. అమ్మమ్మ చెప్పిన సంగతి అది. కానీ ఆరో తరగతి మనిషి పాస్టరుతో అంత పొడుగు మాట ఎలా అంటుంది? కప్పులు బోర్లించి ఇంటికి వచ్చేసింది.

మంగళవారం ఏరు దాటింది. ధన్‌పతి ఇంట్లో ఆ రోజు సాయంత్రం ఇరుగుపొరుగు కూడి పారాయణం చేసుకుంటారు. కొడుకు సురేంద్ర డోలు వాయిస్తాడు. కెలెరా వరండాలో ధన్‌పతి పక్కన కూర్చుని, తానెందుకు వచ్చిందో దాచకుండా చెప్పింది. నీకు మా యేసు గురించి చెప్పాలని ఉంది, కానీ నువ్వు దేన్నుంచి తప్పించుకోవాలనుకుంటున్నావో తెలియకుండా చెప్పలేను, ముందు నాకు నేర్పు అంది. పదకొండేళ్ళు నా బట్టలుతికి ఇప్పుడా అడిగేదని ధన్‌పతి పగలబడి నవ్వింది. తర్వాత నేర్పింది. కర్మ అంటే ఏమిటి, ఒక జన్మలో చేసింది ఇంకో జన్మలో ఎలా వెంటపడుతుంది, విడుదల అని దేన్నంటారు. అర్థం కానివాటిని కెలెరా నోటుపుస్తకంలో తన భాష అక్షరాల్లో రాసుకుని, మళ్ళీ వారం అడిగేది.

ఏడో మంగళవారానికి ఆమెకు ఒక దారి కనిపించింది. మళ్ళీ పుట్టడం అని మొదలుపెట్టకూడదు. ఈ ముసలావిడ వీపు మీద ఉన్న మూట దగ్గర మొదలుపెట్టాలి. ఆ మూటను ఇంకొకరు ఎత్తుకున్నారని చెప్పాలి. పుట్టుక మాట చివర్న రావాలి, అదీ ఈ ఒళ్ళు, ఈ చెరకు తోట కాదని తెలిశాకే. ఆ సంగతే చెబితే ధన్‌పతి వెల్లుల్లి పక్కన పెట్టి ఆమె ముఖంలోకి చూసింది.

"నాదంతా ఓపిగ్గా విన్నావు" అంది. "వచ్చే వారం నీది మొదట్నుంచి చివరిదాకా చెప్పు. వింటాను. నచ్చకపోతే నచ్చలేదంటాను."

ఆ ఒక్క మంగళవారం కోసం కెలెరా వారమంతా పెరట్లో చేమాకు కోస్తూ, పెండలం తవ్వుతూ, తనలో తాను హిందీలో మాట్లాడుకుంది.

అదే వారం పుకారు అన్న చెవిన పడింది. సకేయాసి సంఘానికి పెద్ద. అక్కడ అన్నాచెల్లెళ్ళు పెద్దయ్యాక ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు, అది గౌరవం. ఏదైనా ఉంటే మధ్యలో మనిషి ద్వారానే. కాబట్టి ఆ కబురు పెండలం చెక్కు తీస్తున్న కెలెరా దగ్గరకు వదినే తీసుకొచ్చింది.

శుక్రవారం సకేయాసి పాస్టరింటికి, పెద్దలు దంచి నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా వేళ్ళ కట్ట తీసుకెళ్ళి, చెల్లెలి తరఫున క్షమాపణ పెడతాడట. కట్ట అప్పుడే కట్టించాడట. వచ్చే నెల చర్చి పెద్ద సభలో, తప్పు చేసిందని పది ఊళ్ళ ముందు ఆమె పేరు చదివే లోపల, ఇంటి వాకిట్లోనే ముగించేయాలని.

"నేనేం తప్పు చేశానని వదినా?"

"చేశావని కాదే. చేశావని అనుకుంటున్నారు. దానికీ ఆ కట్టే" అంది అసెనాదా. ఆమె కూడా ఒక పెండలం అందుకుంది, చేతిలో కత్తి మాత్రం కదలడం లేదు. "నవ్వుకోడానికన్నానే నేను. నవ్వు ఆ పాకలోనే ఉండిపోయింది. మాట ఒక్కటే బయటికి పోయింది."

"అన్నయ్యను ఒక్క వారం ఆగమను. వచ్చే బుధవారం పెట్టమను. ఆ తర్వాత ఏమన్నా ఒప్పుకుంటా."

సకేయాసి తడిక అవతలే కూర్చుని ఉన్నాడు. ఆ మాట అతనికి వినిపించింది. వినిపించిందని కెలెరాకూ తెలుసు. అయినా అసెనాదా లేచి అవతలికి వెళ్ళి ఆ మాటే మళ్ళీ చెప్పింది.

"ఆగితే ఆ ఇంటికి ఇంకోసారి వెళ్ళిందంటారు. ఇప్పుడు నేను కాయగలను. అప్పుడు కాయలేనని చెప్పు" అన్నాడు సకేయాసి.

అసెనాదా తిరిగొచ్చి చెప్పబోయింది. విన్నానని కెలెరా చెయ్యి ఊపింది. అన్న మీద కోపం తెచ్చుకుందామన్నా ఆ గొంతులో అధికారం లేదు, భయమే ఉంది. అదీ తన గురించిన భయం.

ఆ క్షమాపణకు ఒక పద్ధతి ఉంది. కట్ట అందుకున్నాక ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. నిందించినవాళ్ళు ఎత్తకూడదు, నిందపడ్డ మనిషీ ఎత్తకూడదు. తప్పు చేసినవాళ్ళకు అది చల్లని నీడ. చేయనివాళ్ళకు తలుపు బయటినుంచి గడియ పెట్టినట్టు.

శుక్రవారం మధ్యాహ్నం పాస్టరింట్లో చాప మీద సకేయాసి ముందు కూర్చున్నాడు. కెలెరా అతని వెనక, అందరికంటే తల కిందికి వంచి కూర్చుంది. మా చెల్లెలు దారి తప్పింది, పిల్లమీద దయ చూపండి అంటూ సకేయాసి ముందుకు వంగి కట్టను పాస్టరు ముందు పెట్టాడు. కాదు అనడానికి అక్కడ ఆమెకు చోటు లేదు. తనకోసం వంగిన మనిషి వీపు వెనక కూర్చుని కాదంటే ఆ వీపు విరిగిపోతుంది. చాపలో ఒక నల్ల పోగు తప్పుగా పడి, రెండు అల్లికల తర్వాత సర్దుకుంది. దాన్నే చూస్తూ కూర్చుంది. పాస్టరు కట్టను తాకి, అందుకున్నానన్నాడు. అందరూ దొప్పచేతులతో మెల్లగా చప్పట్లు కొట్టారు. పాస్టరు కళ్ళు తుడుచుకుని, ఇక ఈ సంగతి ఇక్కడితో సరి అన్నాడు. ఏరు దాటవలసిన పని నీకిక లేదమ్మా, శనివారాలకు టౌను నుంచి ఇంకెవరినైనా పిలుస్తాను అన్నాడు. ఆమె మీద జాలితోనే అన్నాడు.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ నోరెత్తలేదు. మాట మీద నమ్మకం పోయి కాదు, కట్ట అందుకున్నారు కాబట్టి. అందరూ ఆమెతో మెత్తగా మాట్లాడేవారు, జబ్బు పడి లేచిన మనిషితో మాట్లాడినట్టు. అసెనాదా ఆటపట్టించడం మానేసింది. ఒకరోజు కెలెరాయే, ఏదో ఒకటి అనొచ్చుగా వదినా అని అడిగింది. అసెనాదా లేచి అన్నం వడ్డించింది.

మంగళవారం సాయంత్రం ఏటి మీదుగా డోలు వినిపించింది. కెలెరా కొబ్బరి కోరుతూ కూర్చుంది. కోరడం అయిపోయాక ఇంకో కాయ పగలగొట్టింది.

శనివారం బజారులో సురేంద్ర బెండకాయలు అమ్ముతున్నాడు. ఆమెను చూసి గోనె మీంచి లేచాడు.

"మంగళవారం నీకోసం చాలాసేపు చూసింది అమ్మ. పారాయణం కూడా ఆలస్యంగా మొదలెట్టాం. ఏదో చెప్తానన్నావంట కదక్కా?"

"పనులున్నాయి తమ్ముడూ."

"వచ్చే వారం వస్తావా మరి? ఏం చెప్పమంటావు?"

కెలెరా బెండకాయల వంక చూసింది. రాలేనని చెబితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పకూడదు.

"అమ్మను అడిగానని చెప్పు" అంది.

అతను రెండు గుప్పిళ్ళ బెండకాయలు ఆమె బుట్టలో వేసి, తన గోనె దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఊళ్ళో చెప్పుకున్నవాటిలో ఒకటి మాత్రం లేదు. ఆ ఏడు మంగళవారాలూ పారాయణం మొదలుపెట్టే ముందు ధన్‌పతి కొడుకు చేత డోలు ఆపించి, ముందు మా పిల్లను తన ప్రార్థన చేసుకోనివ్వండి అనేది. కెలెరా తన భాషలో, యేసు పేరున, పైకే ప్రార్థన చేసేది. అది ముగిసేదాకా ఆ ఇంట్లో అందరూ తలలు వంచుకుని కూర్చునేవారు.