తమ్ముడి చెవికి పిన్ని నూనె

మద్రాసులో చెవికి ఆపరేషన్ చేయించుకుని మా తమ్ముడు దావీదు ఈ ఉదయం నరసరావుపేటలో బస్సు దిగాడు. కర్ణభేరి వెనక నీరు చేరి, వాడికి కుడిచెవి వినపడక ఏళ్ళయింది. అక్కడి డాక్టరు లేజరు కిరణంతో కర్ణభేరికి సన్నని రంధ్రం చేసి ఆ నీరు తీశాడు. అది మానేదాకా చెవిలో చుక్క కూడా పడకూడదని మరీ మరీ చెప్పి పంపాడట.

సాయంత్రం మా మేరమ్మ పిన్ని పరామర్శకు వచ్చింది, గరిటెలో వెల్లుల్లి వేసి కాచిన నూనెతో.

"లైటు పెట్టి కాల్చారంటగా అమ్మాయ్! ఆ వేడి దిగొద్దా? నాలుగు చుక్కలు పొయ్యనీ."

వేడి దించడానికి వేడి నూనె.

"డాక్టరు వద్దన్నాడు పిన్నీ."

"ఆయనకేం తెలుసే? చిన్నప్పటి నుంచీ వీడి చెవిలో నూనె పోసింది నేనేగా!"

నిజమే. అంత వైద్యం జరగబట్టే మద్రాసు దాకా వెళ్ళాల్సి వచ్చింది.

పెద్దావిడతో వాదన ఎందుకని, "ముందు ప్రార్థన చేసుకుందాం" అన్నాను. ప్రార్థన అంటే పిన్ని గరిటె కింద పెట్టక తప్పదు. సాగరు కాలవ నీళ్ళ కోసం, క్రోసూరులో ఉన్న పిన్ని వియ్యపురాలి మోకాళ్ళ కోసం, దేశాన్ని ఏలే వాళ్ళ కోసం, నూనె చల్లారేదాకా ప్రార్థించాను. మాటలు తక్కువని పేరున్న దాన్ని!

"చల్లటి నూనె ఎందుకూ పనికిరాదు" అని గొణుక్కుంటూ పిన్ని గరిటెతో సహా గడప దాటింది.

తమ్ముడు బాగున్న ఎడమచెవిని అరచేత్తో గట్టిగా మూసుకుని ఉన్నాడు. "వినపడిందక్కా," అన్నాడు, "ఆ గొణుగుడు కూడా."

మీ ఇళ్ళకూ ఇలాంటి డాక్టరమ్మలు వస్తుంటే, ఎంతసేపు ప్రార్థించారో నాకు రాయండి.